పావు చుట్టు

వేల్స్ కొండల నడుమ పాడుబడ్డ రన్‌వే,
ఇంకా ఆరని వాన.
నెస్టా బ్రేకు తొక్కింది.
వెనక చక్రాలు ముందే బిగుసుకున్నాయి;
యాభై ఏళ్ల ఎస్కార్టు గిర్రున తిరిగి
వచ్చిన దారినే చూసింది.

వెనకాల అంత పెద్ద డిస్కులు వద్దన్నానా
అని ఎమ్రిస్ అనలేదు.
తడి కాంక్రీటు మీద వెల్లకిలా దూరి
వెనక గొట్టానికున్న ఇత్తడి మరను
పావు చుట్టు వదులు చేశాడు.

మళ్లీ తొక్కు. మళ్లీ పావు.
కంచె అవతల గొర్రెలు మేత మానేశాయి.

ఏడోసారి
ముందు చక్రాలు ముందు కీచుమన్నాయి,
వెనకవి రెప్పపాటు ఆగి అందుకున్నాయి.
ముక్కు వంచి నిలబడింది బండి,
గుర్తుకి పెట్టిన ఇటుక దాటి రెండడుగులు.

"ఎక్కువే పోయింది," అంది నెస్టా.
"తిన్నగా పోయింది," అన్నాడు,
మర తుడిచి
తెల్లరంగు చుక్క పెడుతూ.