చేతుల లెక్క

ఆ రోజు చేతులు లెక్కపెట్టింది నేనే.
స్కూలు వరండాలో గ్రామసభ, సాయంత్రం నాలుగున్నర.
మన్నేటి మీంచి ఉప్పుగాలి.
కాగితాలు ఎగరకుండా మినిట్స్ పుస్తకం మీద
మాలకొండయ్య గారి సెల్‌ఫోను.

మూడో అంశం:
ఏటిగట్టున ఎకరా ముప్ఫై సెంట్లు
రొయ్యల చెరువులకు దారి కింద ఇచ్చుట గురించి.
అక్కడ యానాదుల బొందలున్నాయని
అజెండాలో లేదు.
రాసింది నేనే, అందుకే తెలుసు.

"ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను.
బీడీ ఉన్న చెయ్యి లేచింది,
గాజులున్న చెయ్యి,
రొయ్యల మేత వేసి ఇంకా కడుక్కోని చెయ్యి,
ఎండాకాలం మా ఇంటికి
ఉలవపాడు మామిడికాయల బుట్ట పంపిన చెయ్యి.
చెడ్డ చెయ్యి ఒక్కటీ కనపళ్ళేదు.

రెండు వందల పదమూడు.
వద్దన్నవాళ్ళు పందొమ్మిది,
మెట్ల కింద, విడిచిన చెప్పుల పక్కన.
"మెజారిటీతో ఆమోదించడమైనది."
చుక్క పెట్టి పెన్ను మూశాను.

అప్పుడు లేచింది చెంబేటి చెంచమ్మ.
"మావోళ్ళని అందర్నీ లెక్కెయ్యలా నువ్వు, అయ్యా.
మాయమ్మ ఆడనే ఉండాది. మా అవ్వ ఆడనే ఉండాది.
తుపానుకి పోయినోళ్ళు పద్నాలుగు మంది
ఒకే గుంటలో ఉండారు.
వాళ్ళూ చేతులెత్తితే
మీరెంత?"
కొందరు నవ్వారు.
నేనూ నవ్వినట్టే గుర్తు.

కందుకూరు కోర్టుకి ఎనిమిది వాయిదాలు తిరిగింది.
బస్సుకి లేనిరోజు నడిచింది.
వకీలు సుభానీ ఫీజు కింద పీతలు తీసుకున్నాడని
మా ఆఫీసులో ఒక జోకు.

ఆర్డరొచ్చింది.
మైదాపిండి జిగురుతో పంచాయతీ తలుపుకి అంటించి
అమీనా టీ కూడా తాగకుండా పోయాడు.
రాత్రి మేకొచ్చి ఒక మూల నాకేసింది.
మిగిలిందంతా ఇంగ్లీషు.

మాలకొండయ్య గారు అరవలేదు.
కళ్ళజోడు తుడుచుకుంటా అడిగాడు:
"నన్ను ఊరు గెలిపించింది.
ఊరు ఏమడిగిందో అదే చేశాను.
చెరువులొస్తే ఇరవై ఇళ్ళకి పని. అబద్ధమా?
ఆ కుర్చీలో ఉన్నాయనకి ఎవరేశారు ఓటు?
మన్నేటి నీళ్ళు ఉప్పో చప్పో తెలుసా ఆయనకి?"

అబద్ధం కాదు.
మూడు రాత్రులు నా దిండు కిందే ఉంది ఆ ప్రశ్న.
ఎన్నటికీ గెలవలేని వాళ్ళకి
ఎవరూ గెలిపించనోడు ఒకడు కావాలేమో
అని తోచింది.
తెల్లారి పళ్ళు తోముకుంటుంటే
అదీ సగం జవాబులాగే అనిపించింది.

పోయిన మంగళవారం చెంచమ్మ మరిది పోయాడు.
నలుగురు మోశారు, ఊరి నడివీధిన.
ముందు నడిచే పిల్లాడి చేతిలో
ప్లాస్టిక్ కవర్లో ఆర్డరు జిరాక్సు,
చినుకులకి తడవకుండా.
రెండు పక్కలా తలుపులేసుకున్నారు.
తలుపు తియ్యమని ఏ ఆర్డర్లోనూ ఉండదు.
టీకొట్లో ఎవరో
టీవీ సౌండు తగ్గించారు.
అంతే.

కిటికీలోంచి చూసి వచ్చి
మినిట్స్ పుస్తకం తీశాను.
ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది.
ఆ రోజు పెన్ను పైకెత్తి
ఒక్కొక్క చేతినీ చూపిస్తా లెక్కపెడుతూ
చివర్లో పైనున్న నా చేతిని కూడా కలిపేశాను.
సెక్రటరీకి ఓటు లేదు.

పదమూడు కొట్టేసి పన్నెండు రాశాను.
పక్కన పొట్టి సంతకం, తేదీ.
తీర్మానం మారదు.
పందొమ్మిది మందికి
పన్నెండైనా పదమూడైనా ఒకటే.

పుస్తకం మూసేముందు మళ్ళీ చూశాను.
గీత కింద
పాత అంకె ఇంకా కనబడతానే ఉంది.