మోచేతి మడత

జూన్ నెలంతా మా చేతులు తోతాపురి వాసన.
చిత్తూరు బయట, గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డులో
ముచ్చిక కోస్తే చిమ్ముతాది సొన.
చూపుకు నీళ్ళచుక్క,
చెంప మీద పడితే నిప్పురవ్వ.
రెండ్రోజులకు పొక్కు, వారానికి నల్లమచ్చ.
సీజను అయిపోయినా
పండగ దాటినా కదలని చుట్టంలా
అక్కడే కూచోనుంటాది.

సెల్వికి పైపెదవి పక్కన మూడు మచ్చలు.
తిరుపతిలో చీరలంగడి పనికి ఫోటో పంపమన్నారు.
ఆ పిల్ల సంతగేటు కాడ ఒక డబ్బా కొనింది,
నూటిరవై.
మూత మీద తెల్లటి ఆడమనిషి నవ్వు.
వారం దినాలు తెల్లగానే ఉండాది.
షెడ్డులో అందరమూ పేరడిగినాము.
నేనూ అడిగినాను, దాపెట్టేదేముంది.

తొమ్మిదో దినం ఉల్లిపొరలా లేచింది తోలు.
పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ
ముఖం చూడకముందే అడిగింది: డబ్బా యాడ?
తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది.
"చేసినోడి పేరు లేదు, ఊరు లేదు,
లోపల ఏమేసినాడో లేదు.
ఇట్లాంటి వాటిలో కొన్నిట్లో పాదరసం ఉంటాది.
దారిన పోయేవాడు పేరు చెప్పకుండా
ముద్ద కలిపి పెడితే తింటావా?"
సెల్వి నోరు మెదపలేదు.
మెదిపితే మండుతాది.

ఆ రాత్రి మా ఇంట్లో డబ్బాలన్నీ బోర్లించినా.
పౌడరు, కాటుక, తలకు రంగు, కుంకుమ పొట్లం.
ముందు వైపు అందరూ రాజులే.
వెనక వైపు చీమ తలకాయంత అక్షరాలు,
మా ఆయన కండ్లద్దాలు పెట్టుకోని కూడబలుక్కున్నా.
కుంకుమ పొట్లానికి అసలు వెనక వైపే లేదు.
నుదుట నడిమిన ఎన్నేళ్ళుగానో దురద,
చెమటకనుకున్నా.

కన్నియమ్మక్క అనింది: ఇవన్నీ ఎందుకుమే,
చెట్టుదీ చేమదీ పూసుకుంటే చాలదా?
నిమ్మచెక్క రుద్దుకోని మొగం కాల్చుకున్న మనిషే
అనింది ఆ మాట.
అక్కా, ఈ సొన ఏ కంపెనీదనుకున్నావు?
ఆమె కత్తి రవంతసేపు ఆగింది.

జిలానీ అంగడికి ఐదుగురం పోయినాం.
రేటు తక్కువది ఇయ్యి, అడ్రసు ఉండేది ఇయ్యి,
వాసన లేనిదయితే మరీ మంచిది.
ఆయప్ప విసుక్కుంటానే దించినాడు.
ఐదో డబ్బా నుంచి
ఆయప్పే వెనక వైపు చదవబట్టినాడు.
చివరకు దొరికింది అడుగరలో దుమ్ము కొట్టుకోని ఉండేది.
బొమ్మ లేదు, నవ్వు లేదు, తొంభై రూపాయలు.
మనిషికి పద్దెనిమిది.

పొద్దున పనికి ముందు మోచేతి మడతలో
శనగ్గింజంత పూసుకున్నాం.
ముఖం కంటే ముందు అడగాల్సిన తావు అది,
ఎవరూ చూడనిది, మొహమాటం తెలియనిది.
ఒక పగలు, ఒక రాత్రి
రైక చేతి కింద రహస్యం మోస్తా కాయలు కోసినాం.

మరుసటి పైటాల
సద్దిగిన్నెలు విప్పకముందే చేతులు చాపినాం.
నాలుగు చేతులు మామూలే.
దిల్షాద్‌కు మాత్రం రూపాయి బిళ్ళంత ఎర్రన.
నలుగురికీ పడింది నాకెందుకు పడలేదని
చిన్నబోయింది పిల్ల.
దాని పద్దెనిమిది దానికిచ్చేసినాం,
తలా నాలుగున్నర, చిల్లరతో సహా.
దానికి ఉత్త కొబ్బరినూనే పడతాదంట. పడనీ.

మచ్చలు పోయినాయా అంటే, పోలేదు.
నెలలు పడతాది, ఎండకు గుడ్డ కట్టుకో
అనింది డాక్టరమ్మ.
సెల్వి గుడ్డ తీసేసి ఫోటో దిగింది,
మూడు మచ్చలూ పడేట్టుగా.
చీరలంగడి వాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు.

సోమవారం సూపర్‌వైజరు బల్ల మీద
ఒక కాగితం పెట్టి వచ్చినాం.
గ్లౌజులు, ముఖానికి అడ్డం, చేతులకు సబ్బు.
తిప్పి చూస్తే వెనక వైపు కూడా ఉండాది,
చీమ తలకాయంత అక్షరాల్లో
ఐదుగురి పేర్లు,
ఊర్లు.