గుర్తు బస్తా

ఎనుమాముల యార్డుకు
మా పెద్దమ్మ ఐలవ్వ
ప్రతి ఏడూ ఒక బస్తా ఇంట్లనే తూచుకొని తెచ్చేది.
ముప్పై తొమ్మిది కిలోల నాలుగు వందలు.
మూతి కుట్టుల ఒక్క నీలం దారం,
ఆమెకు తప్ప ఎవరికీ ఎరుకలేదు.

అరవై బస్తాల నడుమ అదీ ఎక్కేది కాంటా మీదికి.
గుమాస్త అంకె పలికినప్పుడు
ఆమె మొఖం మిర్చి దిక్కు,
చెవి అంకె దిక్కు.
పావుకిలో తగ్గితే ఎండకు పోయిందనేది.
రెండు కిలోలు తగ్గితే
కాంటా ఆగేది, యార్డు ఆగేది.

ఇయ్యాల హన్మకొండల, రెండో అంతస్తుల
నేను ఒక మిషనుకు లెక్క పంపిన.
అది ఎక్కడో సముద్రాల అవతల ఉంది.
మన పుష్యమాసం చలి దానికి కొలిమి మంట.
రెండు నిమిషాలల్ల జవాబులొచ్చినయి.

అదే లెక్క మా కంప్యూటర్లకిచ్చి మూడు వారాలు.
ఫ్యాన్లు రొప్పుతున్నయి.
క్యూబిట్ ఒకటి పెరిగితే
యార్డు పక్కన ఇంకో యార్డు కావాలె.
మళ్ల ఒకటి పెరిగితే ఆ రెండిటికి ఇంకో రెండు.
జమ్మికుంట దాకా, పెద్దపల్లి దాకా,
గోదారి దాటి కూడా బస్తాలే.

"గెలిచింది" అన్నడు మొగిలి సార్.
ఎవరు చూసిండ్రు?
పందెంల ఒక్కడే ఉరికి ఊరు దాటిపోతే
గెలిచిండో, తొవ్వ తప్పిండో
ఎనుకున్నోళ్లకు ఎట్ల తెలుస్తది?

పోయినసారి గూడ గిట్లనే అన్నరు.
ఏడాది తిరగకముందే
పాత మిషన్ మీదనే, కొత్త ఉపాయంతోని
ఎవరో ఆ లెక్క తేల్చి పడేసిండ్రు.
ఆ ఎవరోల నేనూ ఉన్న.
దాచుడెందుకు, ఆ రాత్రి బిర్యానీ తెప్పించుకున్నం.

అందుకే ఈసారి
వెయ్యి ప్రశ్నల నడుమ
జవాబు నాకు ముందే తెలిసినవి నలభై కలిపిన.
పైకి అన్నీ ఒక్కతీరే.
నీలం దారం నా దగ్గర.

రాత్రి మూడున్నరకు విప్పి చూసిన.
ముప్పై తొమ్మిది సరిపోయినయి.
ఒకటి తప్పు.
ఎండకు పోయిందా? దొంగతనమా?

పొద్దుగాల ఫోన్ల పెద్దమ్మకు అంతా చెప్పిన.
సగం అర్థమైందో లేదో,
పండ్లు తోముకుంటనే అడిగింది:
"బిడ్డా, ఇంట్ల తూచిన కాంటా సక్కగున్నదా?"

కాయితం తీసిన.
ఆ ఒక్క లెక్క మళ్ల మొదటి నుంచి, చేతితోని.
పదకొండో గీత మీద
మిర్చి గింజంత మైనస్ గుర్తు
నా దగ్గరనే జారిపోయి ఉంది.

నలభై అని దిద్దిన.
పక్క గదిల ఫ్యాన్లు ఇంకా రొప్పుతున్నయి,
నాలుగో వారం.
ఆపేద్దామని లేచిన.
స్విచ్ మీద చెయ్యి పెట్టి
కొద్దిసేపు ఉత్తగనే నిలబడ్డ.