పొగ ఎరగని పొగగొట్టం

రాస్‌కామన్ వాన. టేపు తడిసి అంకెలు జారుతున్నాయి.
ఆ కొస గట్టిగా పట్టుకో, ఫింటన్.
పధ్నాలుగు అడుగులు ఇటు గది.
పధ్నాలుగు అడుగులు అటు గది.
మధ్యలో బగ్గీ పట్టేంత దారి, దానికో గేటు ఉండేది.

ఊళ్లో వీటిని ఉప్పుబుడ్డీ మిరియాలబుడ్డీ అంటారు.
దొర భోజనాల బల్ల మీంచి ఎవరో తెచ్చి
రోడ్డువార మరిచిపోయినట్టే ఉంటాయి మరి.
నాలుగేసి స్తంభాలు, ముక్కోణపు నుదురు,
బయటికి గుడి ముఖం.
లోపల మంచం పడితే మనిషి పట్టడు.

పద్దెనిమిది వందల ముప్పై నాలుగు నాటి నక్షా నా సంచిలో ఉంది.
డబ్లిన్ నుంచి వచ్చిన వాస్తుశిల్పికి సమతూకం కావాలి,
ఎడమన ఏముంటే కుడినా అదే.
ఎడమ గదిలో పొయ్యి, పైన పొగగొట్టం.
కుడి గదిలో పొయ్యి లేదు.
పొగగొట్టం మాత్రం ఉంది.
నిచ్చెనెక్కి దీపం పెట్టి చూశాను,
గుల్ల కూడా కాదు, గట్టి రాయి.

అంటే వంట ఇటు, పడక అటు.
చూపు కుదరడం కోసం ఒక సంసారాన్ని నిలువునా కోసి
మధ్యనుంచి గుర్రాలను నడిపించాడు.

బ్రైడీ మల్‌రెనన్.
జీతాల పుస్తకంలో ఈ పేరు లేదు.
'గేటు మనిషి భార్య' అని ఉంది,
అతను పోయాక ఉత్త 'గేటు' అని.
ఇరవై ఒక్క ఏళ్లు బంగాళాదుంపల కుండ
శాలువా కింద దాచుకుని ఈ దారి దాటింది.
అటు దుప్పటి కింద ఐదు నోళ్లు.
కొమ్ము ఊదితే కుండ దించాలి, గేటు తీయాలి,
బండి వెళ్లేదాకా తల వంచాలి.
అప్పటికి ఆవిరి పోయేది.
చిన్నవాడు అడిగేవాడట
మన పక్క పొగగొట్టం ఎప్పుడు పనిచేస్తుందమ్మా అని.

ఇది లూక్ హెస్టర్ చెప్పాడు,
గొడ్లను తోలుకుపోతూ స్తంభానికి ఆనుకుని.
ఆ చిన్నవాడు వాళ్లమ్మకి నాన్న.

ఇరవై మూడు, జనవరి. రాత్రి కొందరొచ్చారు.
కొమ్ము ఊదలేదు.
పెట్రోలు డబ్బాలు మోగకుండా గడ్డి చుట్టుకొచ్చారు.
తీయమన్నారు, తీసింది.
తీయడమే కదా ఆమె పని.
వాళ్లకీ తల వంచావా అని తర్వాత ఎవరో అడిగితే
చీకట్లో ఎవరు చూడొచ్చారు, అందట.

పిల్లల్ని లేపి రోడ్డు మీదికి తెచ్చింది.
బంగళా మైలు లోపల, చెట్ల వెనక.
రోడ్డుకి ఎప్పుడూ కనబడలేదు, ఆ రాత్రీ కనబడలేదు.
పొగ లేచింది, అడుగున ఎరుపుతో.
నక్షా గీసినవాడి లెక్క గురి తప్పలేదు.
సరిగ్గా కుడి గది పొగగొట్టం మీదే నిలబడింది.
చిన్నవాడు చప్పట్లు కొట్టాడు.
ఆమె వాడి నోరు మూసిందంటాడు లూక్.
కాసేపటికి చెయ్యి తీసేసిందనీ అంటాడు.

ఇప్పుడు బంగళా ఉన్నచోట బార్లీ.
గేటు పాత ఇనుముకింద పోయింది.
రిపోర్టులో ఈ గడి నింపాలి:
కుడి పొగగొట్టం, అలంకారం కోసం కట్టినది,
ఎన్నడూ వాడలేదు.

రాశాను.
ఆఖరి రెండు మాటలూ కొట్టేశాను.
సిరా వానకి పాకుతోంది.
ఫింటన్, దీని ఎత్తు మళ్లీ ఒకసారి కొలుద్దాం.