వెంట పంపని మాట

ఇసాఫ్యోర్దుర్‌లో రాత్రి మూడున్నర.
రేవులో ఐసు మర ఆగి ఆగి నములుతోంది.
కొండ మీద కొత్త మంచు,
ఎంత పడిందో చెప్పాల్సిన ప్రోగ్రాం
ఒకే ముక్క అని ఊరుకుంది:
డేటా ఫోల్డర్ ఎక్కడో తెలీదు.

నాకు తెలుసు ఎక్కడో.
సాయంత్రం ఈ చేత్తోనే
కొత్త మిషన్ ప్రొఫైల్ ఫైల్లో రాశాను.
ఎకో కొట్టి, పేరు ముందు డాలర్ గుర్తు పెట్టి
షెల్‌ని అడిగాను.
ఠక్కున అప్పజెప్పింది, అక్షరం పొల్లుపోకుండా.

ప్రోగ్రాంని మళ్ళీ లేపాను.
తెలీదు.

నేనడిగితే ఉంది, అదడిగితే లేదు.
ఒకే తెర, ఒకే నిమిషం.

పెద్దక్షరాలు చూశాను, అండర్‌స్కోర్లు చూశాను,
సమానం గుర్తుకి అటూ ఇటూ వేలు పెట్టి తడిమాను.
కోట్ గుర్తుల లోపల, చిట్టచివర
ఒక ఖాళీ నక్కి ఉంది.
దొంగ దొరికాడనుకుని
కాఫీ కూడా పోసుకున్నాను.
దొంగ వాడు కాదు.

కిటికీ కింద వీధిలో పద్నాలుగు ఇళ్ళు.
పసుపు ఇంట్లో స్నైఫ్రిదుర్ అవ్వ
రేడియో ముందు ఇంకా లైటు ఆర్పలేదు.

హాల్‌గ్రిమూర్‌కి ఫోన్ చేశాను.
పాత మిషన్‌ని సాకింది అతనే,
ఇప్పుడు రొయ్యల పడవ మీద వలలు లాగుతున్నాడు.
ఇంజన్ రొదలోంచి అరిచాడు:
"ఎన్వ్ అని కొట్టు. నీ పేరుందా అందులో?"

హోమ్, పాత్, లాంగ్, యూజర్...
జాబితా దిగింది, దిగింది, ఆగింది.
నా పేరు లేదు.

"తల్లి చెవిలో చెప్పావు.
అది కన్న పిల్లకి వెంట ఇచ్చి పంపావా?"
నేను పలకలేదు.
"ఏ ఊళ్ళో ఉన్నావమ్మా నువ్వు!
రేవు మీద పెట్టెలు చూడు, ఏం రాసుందో."

చూశాను.
పోర్చుగల్ వెళ్ళే కాడ్ చేప,
దీపం కింద బారులు తీరిన పెట్టెలు,
ప్రతిదాని నొసటా ఒకటే మాట:
ఎక్స్‌పోర్ట్.

ముప్పై ఏళ్ళుగా ఆ వాసనలోనే నడుస్తున్నాను.
మా నాన్న జీతం ఆ మాటే.

వరస మొదట్లో దాన్ని చేర్చాను.
పాత కిటికీని నమ్మబుద్ధి కాలేదు,
మూసేసి ఇంకోటి తెరిచాను.
ఈసారి షెల్‌ని అడగలేదు,
పిల్లనే అడిగాను.

తొంభై ఒక్క సెంటీమీటర్లు, అంది.
గాలి ఈశాన్యం నుంచి.
ఇంకా పడుతోంది.

కాఫీ చల్లారిపోయింది.
కింద వీధికి ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాను,
పసుపు ఇంటి నుంచి.