ఏడో నంబరు స్క్రోలర్

మధ్యాహ్నం మూడింటికి మెయిన్ వేస్తే
పైన పైపు మీద పన్నెండు స్క్రోలర్లు
ఒక్కసారిగా లేచి
తమ రంగుల చుట్టను ఈ కొస నుంచి ఆ కొసకి
గరగరా లాగి చూసుకుంటాయి,
నిద్ర లేచిన మనిషి
జేబులూ తాళంచెవులూ తడుముకున్నట్టు.
తరవాత చిన్న ఫ్యాన్ల రొద.
ఖాళీ హాలు. నిన్న ఎవరో మరిచిపోయిన గొడుగు.

డెస్కు మీద తెల్ల టేపు.
ఒకటి నుంచి పన్నెండు దాకా దీపం.
నూటొకటి నుంచి నూటపన్నెండు దాకా రంగు.
వెలుతురుకొక వేలు, రంగుకొక వేలు.
"రెండూ ఒకటే కరెంటు అనుకున్నవా,
మోటరు కాలిపోతది బేటా"
మొదటి రోజే చెప్పాడు గఫార్ భాయ్,
ఆ వాసన ఎరిగిన మనిషి.

కంపెనీవాళ్లు రంగులకు అంకెలిచ్చారు.
ఆయన పేర్లిచ్చాడు.
టేపు మీద ఉర్దూలో, కింద నా కోసం వంకర తెలుగులో:
మూడు, ఇరానీ చాయ్.
నాలుగు, ఉస్మాన్‌గంజ్ పసుపు.
ఐదు, సాగర్ నాచు.
ఆరు, పెళ్లి గులాబీ.
తొమ్మిది, మూసీ రాత్రి.
సున్నా దగ్గర ఏమీ రాయలేదు.
అక్కడ ఉత్త వెలుతురే.

మాది వరద నాటకం.
లాంతరు ముందు పిల్లకు జడ వేస్తుంటుంది తల్లి.
నీళ్లు గడప దాటగానే నీలం రావాలి.
మూడు నుంచి తొమ్మిదికి. ఫేడర్ మీద ఎంత దూరమని?
రిహార్సల్లో తోసేశాను.
పసుపు, నాచు, గులాబీ, మధ్యలో ఉన్నవన్నీ
నీరజాక్షి ముఖం మీదుగా ఊరేగుకుంటూ పోయాయి.
చీకట్లోంచి పురుషోత్తం సార్ గొంతు:
"ఏందమ్మా, వరదనా, బరాత్‌నా?"

చుట్ట అది. దూకడం రాదు.
"అంధేరాల నడిపియ్యి" అన్నాడు గఫార్ భాయ్.
సగం దీపాలు చాయ్ రంగులో వెలుగుతుంటే
తక్కిన సగం ఆరి ఉండి
ఎవరి కంటా పడకుండా నీలం దాకా నడిచి
అక్కడ కాచుకోవాలి.
వేళకి ఇవి దిగాలి, అవి ఎక్కాలి.
వెలిగేది మారదు, మారేది వెలగదు.
ఇదేదో గొప్ప మాటనుకుని నోట్‌బుక్కులో రాసుకుంటుంటే
"చాయ్ తాగొద్దాం పా" అన్నాడు.

ఆదివారం ఆట. హాలు ముప్పాతిక.
చీకట్లో ఆరు కదలాలి.
జనం దగ్గుల్లో నాకేమీ వినపడలేదు.
ఫేడర్ ఎత్తాను.
ఐదు నీలాలొచ్చాయి.
ఏడోది నాలుగుకీ ఐదుకీ నడుమ ఇరుక్కుంది.
నీరజాక్షికి ఒక చెంప పసుపు, ఒక చెంప నాచు.
నూటేడుని పైకి తోశాను, కిందికి లాగాను.
రాదు.
ఏడో దీపం ఆర్పేద్దామంటే ముఖమే పోతుంది.
చెమటకు వేలు ఫేడర్ మీద జారింది.

అప్పుడు ఆమె,
పిల్లను చంకనెత్తుకునే వంకతో
అరడుగు ఎడమకు జరిగి
ఎనిమిదో నంబరు నీలంలోకి నడిచింది.
మెడ దాకా నీళ్లున్నట్టు గడ్డం ఎత్తింది.
జనం ఊపిరి బిగబట్టారు.

"ఎట్ల తెలిసింది మీకు?" అడిగాను తరవాత,
ముఖాన కొబ్బరినూనె రాసుకుంటుంటే.
"పిల్ల నా ముఖం చూసి జడుసుకుంది" అంది.
అంతే అంది.

నిచ్చెన మీద గఫార్ భాయ్, పళ్ల మధ్య టార్చి.
చుట్ట విప్పితే ఒక అతుకు ఊడి
రోలర్ చుట్టూ తిరగేసుకుని ఉంది.
ఎట్లాగూ విప్పాం కదా అని
పాతబడ్డ ఎరుపు కూడా కత్తిరించి నా చేతిలో పెట్టాడు.
నడుమ, దీపం రోజూ తాకిన చోట, తెల్లబడిపోయింది.
అంచులు మాత్రం ఇంకా కొత్తవే.

లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపి
ఆ అంచుని కంటికి ఆనించి చూశాను.
బస్సులు, హోర్డింగులు, ఇడ్లీ బండి పొగ, అంతా ఎరుపే.
సిగ్నల్ మాత్రం
ఎంతకీ వెలగని నల్లటి గుండ్రం.
పచ్చ పడిందని
వెనక ఆటో హారన్ కొట్టేదాకా తెలీలేదు.