రెండు కిలోల గాలి

కృష్ణపట్నం జెట్టీ కింద నీళ్ళు
డికాషను రంగులో ఉంటాయి.
చెయ్యి చాపితే నా చెయ్యి నాకే కనపడదు.
అక్కడ నా పని
ఓడల అడుగున పట్టిన పాచీ, గుల్లా గీకడం.

నేర్పింది చేవూరు పోలేరయ్య.
ఇనుప సిలిండరు ఒళ్ళో పడేసుకుని
పుచ్చకాయను తట్టినట్టు తట్టేవాడు.
"గాలికి బరువు లేదనుకుంటన్నావు గదా అబ్బయ్యా,
తూకం ఏసి చూడు."

చేపల తక్కెడ తెచ్చాం.
నిండు సిలిండరు ఒకసారి,
మునిగొచ్చాక మళ్ళీ ఒకసారి.
తేడా రెండు కిలోలు, ఇంకొంచెం మొగ్గు.
రెండు కిలోల పండుగప్ప అయితే
కొనేవాడు మొప్ప ఎత్తి చూస్తాడు, వేలితో నొక్కుతాడు.
ఇది మాత్రం నా నోట్లోంచి
బుడగలు బుడగలుగా పోయి
జెట్టీ స్తంభాల మధ్య ఎక్కడో పగిలిపోయింది.
ఎవరూ బేరమాడలేదు.

నడుం బెల్టుకి సీసం దిమ్మలు మా పెద్దమ్మ పోసింది.
కన్నెమ్మది విసురువలలకి గుళ్ళు పోసిన చెయ్యి.
చినిగిన వలల గుళ్ళన్నీ ఏరి, మూకుట్లో కరిగించి,
కిలో కిలో దిమ్మలుగా అచ్చు పోస్తూ అంది:
"గుళ్ళు తక్కువైతే వల కిందనుంచి చేప జారిపోద్ది.
ఎక్కువైతే వల బురద తినొస్తది.
నీకెన్ని?"
నాకేం తెలుసు. ఆరు అన్నాను.

ఆరు ఎక్కువే.
మొదటి వారం రాయిలా కూలబడ్డాను.
కంగారులో జాకెట్టు నిండా గాలి కొట్టుకుంటే
బంతిలా లేచి ఓడ అడుగుకి తల కొట్టుకున్నాను.
పోలేరయ్య పడవలో బీడీ కాలుస్తూ నవ్వాడు.
"మునగడానికి సీసం ఎందుకురా, ఊపిరి వదిల్తే చాలదా?
సీసం ఆఖర్లో నిలబడ్డానికి."
అర్థం కాకపోయినా తలూపి
రెండు దిమ్మలు తీసేశాను.

ఆ ఏడు తుపాను పోయిన మూడోనాడు
కండలేరు పొంగి వచ్చి సముద్రం మీద పడుకుంది.
పైన మంచినీళ్ళు, కింద ఉప్పునీళ్ళు,
మాటలు లేని తోడికోడళ్ళలా
ఒకదాన్నొకటి తాకుతూనే కలవడం లేదు.
అదే వారం కాంట్రాక్టరు ఇనుపవి అమ్మేసి
అల్యూమినియం సిలిండర్లు దించాడు.
తుప్పు పట్టవన్నాడు. మెరుపు చూసి మేమూ మెచ్చుకున్నాం.

దిగడం బాగానే దిగాను.
ముప్పావుగంట, ఓడ రెక్కకి చుట్టుకున్న
నైలాను తాడు కోస్తూ కూర్చున్నాను.
ముల్లు యాభైకి పడింది.
పైకొస్తూ పదిహేను అడుగుల దగ్గర ఆగాలి,
నెత్తుట్లో కరిగిన గాలికి
మెల్లగా బయటికి దారివ్వాలి.

ఆగడం నా చేతుల్లో లేదు.
వీపు మీద సిలిండరు ఖాళీ బిందెలా తోక లేపింది.
జాకెట్టు పిండేశాను, ఊపిరంతా వదిలేశాను,
చేతులతో నీళ్ళని పట్టుకోబోయాను.
పద్నాలుగు. పదమూడు.
నేను తాగేసిన రెండు కిలోలు
నన్ను పైకి లాగుతున్నాయి.

పన్నెండు దగ్గర నెత్తికి చల్లగా తగిలింది.
కాళ్ళు ఇంకా గోరువెచ్చని ఉప్పులోనే ఉన్నాయి.
ఆగిపోయాను.

పైనున్న వాననీళ్ళకి నన్ను మోసే సత్తువ లేదు,
కిందున్న ఉప్పునీళ్ళు నన్ను ముంచుకోవు.
ఆ రెంటి సందున, చీకట్లో,
వేలు కూడా కదపకుండా
ఐదు నిమిషాలు లెక్కపెట్టుకున్నాను.
ఎప్పుడూ రానంత తూకం వచ్చింది,
అదీ నాది కాదు, ఎక్కడో కొండల్లో కురిసిన వానది.

పడవెక్కాక పోలేరయ్య
నా బెల్టు చేత్తో ఎత్తి చూశాడు.
ఏమీ అనలేదు. బీడీ ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఇంకో రెండు దిమ్మలు కావాలన్నాను.
"తీసేసినవి ఏమైనయ్?"
తమ్ముడి వలకి కరిగించేశాం, నువ్వే గదా అన్నాను.
"అయితే ఇప్పుడు దేనికంట?"
వదిలేసిన ఊపిరికి.

"ఊపిరికి సీసమా" అని గొణుక్కుంటూనే
కన్నెమ్మ పొయ్యి ఊదింది,
బుగ్గలనిండా తీసుకుని, పొదుపు లేకుండా.